అపోహలు – వాస్తవాలు: గోమార్లు వేరు, గజ్జి పురుగులు వేరు

"మందు కొట్టి రెండు వారాలు కాలేదు, మళ్లీ గోమార్లు పట్టేశాయి. నకిలీ మందేమో డాక్టర్ గారూ!" పాడి రైతుల నోట ఎప్పుడూ వినిపించే మాటే ఇది. చాలాసార్లు మందులో లోపం ఉండదు. పడాల్సిన చోట పడదు, అంతే.

అపోహ: గోమార్లు పశువు ఒంటి మీదే పుట్టి పెరుగుతాయి.

వాస్తవం: రైతును అన్నిటికన్నా ఎక్కువ ముంచేది ఈ నమ్మకమే. ఆవులకు ఎక్కువగా పట్టే రకం మూడు వారాల పాటు నెత్తురు తాగి, ఆముదం గింజలా ఉబ్బి, కింద రాలిపోతుంది. గోడ పగుళ్లలో, గాడి కింద రెండు మూడు వేల గుడ్లు పెట్టి చస్తుంది. వాటిలోంచి వచ్చిన ఆరుకాళ్ల పిల్లలు మళ్లీ పశువునెక్కుతాయి. కాబట్టి ఒంటికి కొట్టిన రోజే పాకకూ కొట్టాలి, పగుళ్లు సిమెంటుతో పూడ్చాలి. ఒంటికైతే 12.5 శాతం అమిట్రాజ్ (గోమార్లను చంపే మందు) లీటరు నీటికి 2 మి.లీ. కలిపి కొట్టాలి. వీపు తడిపి వదిలేయకండి. చెవుల లోపలి వైపు, గంగడోలు, తొడల సందు, పొదుగు, తోక కింద బాగా తడవాలి. గోమార్లు దాక్కునేది అక్కడే. ముందు కడుపునిండా నీళ్లు తాగించండి, ఆరేదాకా ఒళ్లు నాకనివ్వకండి. పుండ్ల మీద, మండుటెండలో వద్దు. పాలు పితికే ముందు పొదుగు కడగండి. రెండు మూడు వారాలకు మళ్లీ కొట్టాల్సిందే. గుర్రాలకు, గాడిదలకు ఈ మందు అసలు వాడొద్దు.

అపోహ: గజ్జి కూడా చిన్న గోమార్ల వల్లే.

వాస్తవం: కాదు. గజ్జి పురుగు అర మిల్లీమీటరు కూడా ఉండదు, కంటికి ఆనదు. చర్మంలో సొరంగం తవ్వి అందులోనే గుడ్లు పెడుతుంది, పుట్టుక నుంచి చావుదాకా ఆ ఒంటి మీదే. అందుకే పాకకు ఎంత మందు కొట్టినా గజ్జి తగ్గదు. జుట్టు రాలి చర్మం మందమైన చోట, అంచున, నెత్తురు చెమర్చేదాకా గీకి మైక్రోస్కోపు కింద చూపించాలి. ఐవర్‌మెక్టిన్ 1 శాతం ఇంజెక్షన్ 50 కిలోల బరువుకు 1 మి.లీ., చర్మం కింద. గుడ్లను చంపదు గనుక 14 రోజులకు రెండోది తప్పదు. మందు పాలలోకి దిగుతుంది, పాలిచ్చే పశువుకు సొంతంగా వేయకండి.

అపోహ: కిరోసిన్, పాత ఇంజిన్ ఆయిల్ రాస్తే రెండూ పోతాయి.

వాస్తవం: చర్మం బొబ్బలెక్కుతుంది, నాకితే విషం. ఎవరు చెప్పినా వినొద్దు.

అపోహ: పశువు గజ్జి ఇంటిల్లిపాదికీ అంటుకుని ఉండిపోతుంది.

వాస్తవం: తాకినవాళ్లకు దురద రావచ్చు. పశువుకు నయమైతే అదీ పోతుంది, పిల్లల గురించి బెంగపడకండి.

భయపడాల్సింది గోమార్ల జ్వరానికి. సంకరజాతి ఆవుకు జ్వరం 104 డిగ్రీలు దాటి, భుజాల ముందు గ్రంథులు వాచాయంటే థైలేరియా (గోమార్లు అంటించే రక్త వ్యాధి) కావచ్చు. మూత్రం కాఫీ రంగులో పోస్తుంటే బెబీసియా (ఇదీ అలాంటి వ్యాధే) కావచ్చు. ఆ రోజే రక్త పరీక్ష చేయించండి.