కాలికీ రాయికీ బేరం

టొరంటో నుంచి మా అక్క కొడుకు ఫోను. "మామా, చలికి హాల్లో నేల కింద కరెంటు తీగలు పరిపిస్తన్నా. పైన చెక్క వేయమంటావా, మన చీమకుర్తి రాయి వేయమంటావా? రాయి చల్లగా ఉంటదని మా ఆవిడ ఒప్పుకోడంలా."

మే నెలలో చాప కూడా అవతల పారేసి కడప బండ మీద ఒళ్లు వాల్చే ఒంగోలు మనిషినా ఈ మాట అడిగేది! అయినా ప్రశ్న భలే నచ్చింది.

ఒకే గదిలో రాత్రంతా ఉన్న రోలూ పీటా రెండూ 18 డిగ్రీలే. కాలు పెడితే రోలు చురుక్కుమంటుంది, పీట ఏమీ అనదు. కారణం బేరం. పాదం 32 అంటుంది, నేల 18 అంటుంది. ఎవరి పట్టు గట్టిదైతే ధర అటు జరుగుతుంది. ఆ పట్టు అంటే, వేడిని ప్రసరింపజేసే గుణం, సాంద్రత, విశిష్టోష్ణం (కిలో సరుకుని ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే వేడి) మూడూ గుణించి తీసిన వర్గమూలం. రాయికి సుమారు 2300, మన చర్మానికి 1100, చెక్కకి 400. లెక్కగడితే రాయి మీద బేరం 22.5 దగ్గర తెగుతుంది, చెక్క మీద 28 దగ్గర. తేడా దాదాపు ఆరు డిగ్రీలు. బళ్లో ఉత్తమ వాహకం, అధమ వాహకం అని బట్టీ పట్టించారే గానీ, రోలు మీద ఓ కాలు, పీట మీద ఓ కాలు పెట్టించిన మాస్టారు నాకు దొరకలేదు.

ఇప్పుడు తీగ వేసి నేలని 27కి తెద్దాం. రాయి మీద 28.6, చెక్క మీద 30.7. ఆరు కాస్తా రెండయింది! అమ్మాయి అభ్యంతరం అక్కడికి సగం పైనే తీరింది.

తీగ వైపు నుంచి చూస్తే రాయిదే గెలుపు. చదరపు మీటరుకు 100 వాట్ల వేడి పైకి రావాలంటే, 18 మిల్లీమీటర్ల రాయికి అడుగుకీ పైకీ ఒక డిగ్రీ తేడా కూడా ఉండక్కర్లేదు. 14 మిల్లీమీటర్ల చెక్కకి తొమ్మిది డిగ్రీలు కావాలి. ఆ వేడికి చెక్క ఎండి, సందులు విచ్చుకుంటుంది. అందుకే చెక్క నేల పైభాగం 27 దాటనివ్వొద్దంటారు. వినైలు అనే ప్లాస్టిక్ పరుపుకీ అలాంటి హద్దే ఉంది. తివాచీ సంగతి ఎత్తొద్దు, అది తీగకి కప్పిన దుప్పటి.

నల్లరాయి నట్టింట్లో పనికిరాదని వాస్తు చెప్పేవాళ్లు చీమకుర్తి పక్కనే ఉన్నారు. ఆ రాయిలో బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం, శని కాదు. గ్రానైట్ అని అమ్ముతారు గానీ, నిజానికి భూగర్భశాస్త్రం లెక్కన అది గ్రానైటే కాదు, గాబ్రో అనే వేరే రాతి జాతి. మామూలు చాకుకి గీత పడదు.

రాయికీ ఒక లోపముంది, బద్ధకం. చదరపు మీటరు 54 కిలోలు. 150 వాట్ల తీగ దాన్ని ఒక్క డిగ్రీ పైకి తేవడానికి ఐదు నిమిషాలు పడుతుంది. లేచే వేళకి గంట ముందే టైమరు పెట్టుకోవాలి.

"నున్నటి పాలిష్ వద్దు, జారతావు. తోలులా కాస్త గరుకుగా ఉండే లెదర్ ఫినిష్ తీసుకో. ఒట్టి సిమెంటు కాకుండా సాగే గమ్ముతో అతికించి, గోడల పక్క సందు వదలమను" అన్నా.

"మరి లోపల తీగ తెగితే మామా?"

"రాయి వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి మీటరు పెట్టి రెసిస్టెన్స్ చూపించమను. రెండూ రాసిపెట్టుకో, అంకె మారితే తీగ దెబ్బతిన్నట్టే."