అద్దె బకాయి, నాలుగు పదిహేను రోజులు: విశాఖలో ఖాళీ చేయించే చట్టం వెనక కథ

అద్దె రెండు నెలలు ఆగితే ఇంటి ఓనరు పదిహేను రోజుల్లో ఖాళీ చేయించేయవచ్చని విశాఖలో చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. పదిహేను రోజులనే గడువు చట్టాల్లో నాలుగు చోట్ల ఉంది, నాలుగింటికీ అర్థాలు వేరు. ఇవి కలగాపులగం కావడం వల్లే నిలబడే హక్కున్న కుటుంబాలు కూడా భయపడి సామాను సర్దుకుంటున్నాయి.

అద్దెల మీద అదుపు యుద్ధకాలంలో మొదలైంది. 1941లో మద్రాసు ప్రభుత్వం ఇంటి అద్దెల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. విశాఖ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. తర్వాత 1946, 1949 చట్టాలు వచ్చాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయాక కూడా ఇక్కడ 1949 చట్టమే నడిచింది. తెలంగాణలో అమల్లో ఉన్నది 1954 నాటి హైదరాబాదు చట్టం. ఈ రెంటి స్థానంలో వచ్చిందే 1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం.

మొదటి రెండు గడువులూ ఆ చట్టంలోవే. ఒప్పుకున్న తేదీ దాటి పదిహేను రోజులైనా అద్దె అందకపోతే ఓనరు రెంట్ కంట్రోలర్ (ఈ చట్టం కింద అద్దె తగాదాలు తేల్చే అధికారి) దగ్గర ఖాళీ చేయించమని పిటిషన్ వేయవచ్చు. ఒప్పందంలో తేదీ లేకపోతే గడువు మరుసటి నెల ఆఖరి రోజు దాకా ఉంటుంది. బకాయి కావాలని పెట్టింది కాదని కంట్రోలర్‌కు నమ్మకం కుదిరితే, కట్టడానికి గరిష్ఠంగా మరో పదిహేను రోజులు ఇస్తారు, కట్టేస్తే పిటిషన్ కొట్టేస్తారు. ఓనరే అద్దె తీసుకోకుండా మొండికేస్తే దానికీ దారి ఉంది: పది రోజుల్లో బ్యాంకు పేరు చెప్పమని రాతపూర్వకంగా అడగాలి, చెప్పకపోతే కమీషన్ మినహాయించుకుని మనియార్డరు చేయాలి, అదీ తిరిగొస్తే కంట్రోలర్ దగ్గర జమ చేయాలి. ఈ వరుస తప్పి, 'తీసుకోలేదండీ' అని నోటిమాటగా చెప్పి ఓడిపోయినవాళ్లు ఎందరో. అడ్వాన్సుగా ఒక నెల అద్దె కన్నా ఎక్కువ తీసుకోకూడదన్నదీ ఈ చట్టమే. గూడూరు హోటల్ ఒకదాని కేసులో 1989లో సుప్రీంకోర్టు, బకాయిని మించిన అడ్వాన్సు ఓనరు దగ్గరే ఉంటే ఎగవేత కింద లెక్కకట్టలేమంది.

అయితే ఈ రక్షణ అన్ని ఇళ్లకూ లేదు. 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన భవనాలకు ఇచ్చిన మినహాయింపును 1983లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కానీ కొత్త మినహాయింపులు వచ్చాయి. 2005 సవరణతో కొత్త భవనాలకు 15 ఏళ్లు, నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు పూర్తిగా మినహాయింపు దొరికింది. ఎంవీపీ కాలనీలోనో మద్దిలపాలెంలోనో ఈ రోజు ఆ అద్దెకు వాటా దొరకడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. అలాంటి తగాదాలు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కిందకు వెళ్లిపోయాయి.

మూడో గడువు అందులోని 106వ సెక్షన్. ఒప్పందంలో వేరే షరతు లేకపోతే, నెలవారీ అద్దెను ముగించడానికి పదిహేను రోజుల రాతపూర్వక నోటీసు చాలు. దానికి కారణం చెప్పనక్కర్లేదు, కాబట్టి బకాయి కట్టేసినంత మాత్రాన నోటీసు రద్దు కాదు. నాలుగోది 114వ సెక్షన్. అద్దె కట్టనందుకే లీజు రద్దయిందని దావా వేస్తే, విచారణలో బకాయి, వడ్డీ, కోర్టు ఖర్చులు కట్టినా, పదిహేను రోజుల్లో కడతానని తగిన హామీ ఇచ్చినా కోర్టు అద్దెదారును ఆ ఇంట్లోనే ఉండనివ్వవచ్చు. 106 కింద నోటీసు ఇచ్చినప్పుడు ఇది అక్కరకు రాదు. అందుకే నోటీసు అందగానే ముందుగా అందులో ఏ చట్టం, ఏ సెక్షన్ రాశారో చూడాలి. రాష్ట్రం 2017లో కొత్త అద్దె చట్టం చేసింది కనుక ఆ పేరు కూడా కనిపించవచ్చు. 2021లో కేంద్రం ఆమోదించిన మాదిరి అద్దె చట్టం మాత్రం రాష్ట్రాలకు నమూనాయే, దానంతటదిగా ఇక్కడ వర్తించదు.

నోటీసు గడువు ముగిసినా ఇల్లు ఓనరు చేతికి రాదు. దావా వేయాలి, డిక్రీ (కోర్టు తీర్పు) రావాలి, ఆపైన దాన్ని అమలు చేయమని పిటిషన్ వేయాలి, చివరికి కోర్టు ఉద్యోగి అయిన అమీనా వచ్చి స్వాధీనం చేయాలి. దావా నడుస్తుండగా ఒప్పుకున్న అద్దెను కోర్టులో జమ చేయకపోతే అద్దెదారు వాదనను కోర్టు పక్కన పెట్టవచ్చు. ఇంత గట్టి మెలిక గురించి చాలామందికి చెప్పేవాళ్లే ఉండరు. కోర్టు ఉత్తర్వు లేకుండా తాళం మార్చేసినా, సామాను బయట పడేసినా, 1963 నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోగా దావా వేసి స్వాధీనం తిరిగి కోరవచ్చు. ఆ దావాలో బకాయి ఎంతన్నది, ఇల్లు ఎవరిదన్నది ప్రశ్న కాదు. తాళం వేసిన నాటికి ఆ ఇంట్లో ఉన్నది ఎవరన్నదే ప్రశ్న. దానికి కరెంటు బిల్లు, గ్యాస్ రశీదు, అద్దె పంపిన బ్యాంకు వివరాలు పనికొస్తాయి.