బి-స్కూల్ ఇంటర్వ్యూ: నోటుపుస్తకంలో ఉండని జవాబులు

నవంబరు చివర ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్ రాసి, ఐఐఎం మేనేజ్‌మెంట్ సంస్థల నుంచి ఇంటర్వ్యూ పిలుపులు అందుకున్న పిల్లలు కాకినాడ, భీమవరం, అమలాపురం వైపు నుంచి మాక్ ఇంటర్వ్యూల కోసం రాజమహేంద్రవరంలో నా దగ్గరకు వస్తుంటారు. చాలామంది చేతిలో ఒక నోటుపుస్తకం ఉంటుంది. 'మీ గురించి చెప్పండి', 'ఎంబీఏ ఎందుకు', 'మీ బలహీనత ఏమిటి' అనే ప్రశ్నలకు ఎవరో సీనియర్ రాసిచ్చిన జవాబులు అందులో ఉంటాయి. దాన్ని మూసేయమనడంతోనే ఏటా నా పని మొదలవుతుంది.

అపోహ: మంచి జవాబులు కంఠస్థం చేస్తే గట్టెక్కవచ్చు.

వాస్తవం: ఈ ఒక్క నమ్మకం వల్ల పోయినన్ని సీట్లు మరి దేనివల్లా పోవడం నేను చూడలేదు. ప్యానెల్‌లో ఇద్దరో ముగ్గురో కూర్చుని పావుగంటో ఇరవై నిమిషాలో మాట్లాడతారు. మొదటి ప్రశ్న అందరికీ తెలిసినదే అయినా, రెండోది మీ జవాబులోంచి పుడుతుంది, మూడోది ఆ రెండో జవాబులోంచి పుడుతుంది. బట్టీ పట్టినవారి సరుకు మొదటి ప్రశ్నతోనే అయిపోతుంది.

భీమవరం దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక కుర్రాడు, తండ్రి వనామీ రొయ్యల రైతు అయినా, దరఖాస్తులో 'వ్యాపారం' అని రాసి ఊరుకున్నాడు. కుటుంబం గురించి అడిగితే నాయకత్వ లక్షణాల మీద ఒక పేరా అప్పజెప్పాడు. అప్పుడు, వంద కౌంటు దగ్గరే పట్టుబడి చేయాలా, నలభై కౌంటు దాకా మేత పెట్టి ఆగాలా అనేది మీ నాన్నగారు ఎలా తేల్చుకుంటారని అడిగాను. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అదే కౌంటు కనుక, కౌంటు తగ్గేకొద్దీ ధర పెరుగుతుందనీ, కాని పెట్టుబడిలో పెద్ద వాటా మేతకే పోతుందనీ, కరెంటు పోతే చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లకు డీజిల్ ఖర్చు మీద పడుతుందనీ, పక్క చెరువులో వైట్ స్పాట్ వైరస్ తెగులు కనబడితే చిన్న రొయ్యనైనా పట్టేసుకోవడమే మేలనీ అతడు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు తమ చెరువు గట్టు మీద ఎలాంటి చర్చ జరిగిందో కూడా తానే అందుకుని చెప్పాడు. నష్టభయం, పెట్టుబడి, గిరాకీ అన్నీ అందులోనే ఉన్నాయి. నోటుపుస్తకంలో వాటి ఊసే లేదు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదనే సామెత మన జిల్లాల పిల్లల విషయంలో అక్షరాలా నిజమవుతోంది. కడియం నర్సరీలు, నరసాపురం లేసు, అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు, వీటిలో ఏదైనా ప్యానెల్‌కు ప్రశ్నే. గోదావరి మీద ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట కట్టించాడని చెప్పి ఆగిపోతే చాలదు. ధవళేశ్వరం నీళ్లు పారే కోనసీమలో 2011లో రైతులు పంట వేయకుండా పంట విరామం ఎందుకు ప్రకటించారని అడిగితే మద్దతు ధర, కూలి ఖర్చు, ముంపునీరు దిగని మురుగు కాలువల గురించి మాట్లాడగలగాలి.

నేనూ ఈ తప్పు చేసినవాడినే. మా నాన్నగారిది కొబ్బరి వ్యాపారం. ధర పడిపోయినప్పుడు ఆయన పచ్చికాయ అమ్మేస్తారా, కాయలోనే ఎండే కురిడీ కొబ్బరి కోసం నెలల తరబడి అటకెక్కిస్తారా అని ప్యానెల్‌లో ఒకాయన అడిగితే, నేను గిరాకీ-సరఫరా సూత్రానికి నిర్వచనం చెప్పాను. ఆయన నవ్వి ఫైలు మూశారు. మా అటక మీద ఆ రోజుకు కూడా కాయలున్నాయి.

మిగిలిన అపోహలకు ఇంత సమయం అక్కరలేదు. ఇంగ్లీషులో ఒకటి రెండు తప్పులు దొర్లితే కొంప మునగదు. కోటు లేకపోయినా ఇస్త్రీ చొక్కా చాలు. తెలియనిదాన్ని తెలియదనవచ్చు, అయితే బీటెక్‌లో మీరు చదివిన సబ్జెక్టు గురించే మూడుసార్లు అలా అంటే ఎవరూ హర్షించరు. పర్సంటైల్ ఉంటే సీటు ఖాయమనీ, ఫలానా కోర్సు వాళ్లను తీసుకోరనీ వాట్సాప్‌లో తిరిగే మాటలు వినీ వినీ విసుగెత్తింది; క్యాట్‌కు ఎంత, ఇంటర్వ్యూకు ఎంత, పాత మార్కులకు ఎంత అనేది ఐఐఎంలు తమ ప్రవేశ విధానంలో ప్రకటిస్తాయి, అది చదువుకోవచ్చు.

ఇంటర్వ్యూ ఎనిమిది నిమిషాల్లో ముగిసిందని రాత్రి పదకొండు గంటలకు ఫోన్ చేసి ఏడ్చే పిల్లలను మాత్రం నేను కసురుకోలేను. నిమిషాలు లెక్కపెట్టి ఫలితం చెప్పడం ఎవరికీ సాధ్యం కాదని చెప్పి, ముందు అన్నం తిన్నారా అని అడుగుతాను.