పాత సమాధికి ఏ జిల్లా పేరు?

మదనపల్లెలోని పాత సమాధి ఫొటోను ఆన్‌లైన్‌లో ఎక్కించేటప్పుడు జిల్లా గడిలో ఏం రాయాలి? వంశవృక్షం కట్టుకునేవాళ్ల మధ్య ఈ వాదన మళ్లీ రాజుకుంది. ఇప్పటి జిల్లా చాలు, శ్మశానానికి దారి తెలియాలి కదా అనేది ఒక వర్గం మాట. సమాధుల ఫొటోలు, వివరాలు ఎక్కించే సైట్ ఫైండ్ ఎ గ్రేవ్ కూడా శ్మశానాలను నేటి చిరునామా కిందే చూపిస్తుంది. చనిపోయిననాటి జిల్లా ఉండాల్సిందేనంటుంది రెండో వర్గం.

తగాదాకు అసలు మూలం 1911 ఏప్రిల్ 1. ఆ రోజు చిత్తూరు జిల్లా ఏర్పడింది. ఉత్తర ఆర్కాటు నుంచి చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలు, కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు వచ్చి కలిశాయి. తిరుపతి అప్పట్లో చంద్రగిరి తాలూకాలోది. 1890లో మదనపల్లెలో పోయిన మనిషి కడప జిల్లావాడు, 1920లో పోయినవాడు చిత్తూరు జిల్లావాడు. 2022 ఏప్రిల్ 4 విభజనలో అదే ఊరు అన్నమయ్య జిల్లాకు వెళ్లింది. నెల్లూరు జిల్లాలో ఉండిన నాయుడుపేట ఆ రోజే తిరుపతి జిల్లాలోకి వచ్చింది.

ఊళ్లు జిల్లా మారాయి కానీ కాగితాలు మారలేదు. ఆంగ్లికన్ పాదిరీలు ఖననాల వివరాలు మద్రాసుకు పంపేవారు, వాటి నకళ్లు లండన్‌కు వెళ్లేవి. అవే బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీస్ రికార్డుల్లో మద్రాసు ప్రెసిడెన్సీకి చెందిన ఎన్/2 వరుస. పూర్వీకుల రికార్డులు వెతికే సైట్ ఫైండ్‌మైపాస్ట్‌లో 2014 నుంచి వాటిని వెతకవచ్చు. ‘చిత్తూరు జిల్లా’ అని కొట్టి ఏమీ రాలేదని వదిలేసేవాళ్లే ఎక్కువ. మొదట ఊరి గడి ఖాళీగా వదిలి, ఇంటిపేరు, ఏడాదికి అటూ ఇటూ అయిదేళ్లు పెట్టి చూడాలి. తర్వాత ఉత్తర ఆర్కాటు, కడప పేర్లతో చూడాలి. ఊరి స్పెల్లింగులూ వేరు: తిరుపతిని ట్రిపెట్టీ అని, కాళహస్తిని కలాస్త్రి అని రాసేవారు.

ఎన్/2లో ఉన్నది ఎక్కువగా యూరోపియన్లు, ఆంగ్లో ఇండియన్లే. తెలుగు క్రైస్తవ కుటుంబాల జాడ మిషన్ల రిజిస్టర్లలో ఉంటుంది. చిత్తూరు, పలమనేరు, మదనపల్లెల్లో పనిచేసిన అమెరికన్ ఆర్కాట్ మిషన్ సంఘాలు 1947లో సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లో కలిశాయి. తిరుపతి, కాళహస్తి, నాయుడుపేట వైపు జర్మన్ లూథరన్లు పనిచేశారు. ఫాదరు గారినో పాస్టరు గారినో అడిగి ఖననాల రిజిస్టరుతో పాటు బాప్తిస్మాల రిజిస్టరు కూడా చూడాలి. సంపుటి, పేజీ నంబర్లు రాసుకోకపోతే మళ్లీ అది దొరకడం కష్టం. దహనం చేసే కుటుంబాలకు ఈ దారి పెద్దగా పనికిరాదు. వాళ్లు కాశీ, గయల్లోని పండాల (తీర్థ పురోహితుల) పుస్తకాలు చూసుకోవాలి.

రాతిని కూడా గుడ్డిగా నమ్మకూడదు. నవంబరు 2 సమాధుల పండుగకు ముందు సున్నం వేస్తారు, అది అక్షరాల గాట్లలో పేరుకుంటుంది. ఆ మీదట పెయింటరు అంకెలు దిద్దితే 3 కాస్తా 8 అవుతుంది, 1 కాస్తా 7. నీళ్లు చల్లి మెత్తటి బ్రష్‌తో తుడవండి. తీగ బ్రష్, యాసిడ్ వద్దు. మిట్టమధ్యాహ్నం ఎండ నేరుగా పడి గాట్లు కనిపించవు, పొద్దున్నో సాయంత్రమో పక్కవాటు వెలుతురులో ఫొటో తీయండి. గాటును వేలితో తడిమితే పెయింటు తప్పు తెలిసిపోతుంది.

పేర్లతో ఇంకో చిక్కు. మనవాళ్ల ఇంటిపేరు రాతి మీద ఒక్క పొడి అక్షరమే. ఇండెక్స్ చేసినవాళ్లు సొంత పేరును ఇంటిపేరు గడిలో వేస్తారు. కాబట్టి తాత పేరునే ఇంటిపేరుగా టైప్ చేసి చూడండి. తెలుగులో చెక్కినవి అసలు ఇండెక్సుకే ఎక్కకపోవచ్చు, అందుకని ఆ శ్మశానం ఫొటోలన్నీ ఒక్కొక్కటిగా తిప్పాల్సి వస్తుంది.

దారి కోసం నేటి పేరు కావాలన్నవాళ్ల అవసరం జీపీఎస్ గుర్తుతో తీరుతుంది. పాత జిల్లా పేరు పోతే మాత్రం రిజిస్టరు దాకా వెళ్లే దారే మూసుకుపోతుంది. అందుకే శ్మశానం పేజీలో నేటి జిల్లా ఉంచి, మనిషి వివరాల పెట్టెలో ‘1890, మదనపల్లె, కడప జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ’ అని పూర్తిగా రాయండి. దాని కిందే రిజిస్టరు సంపుటి, పేజీ నంబర్లు కూడా వేయండి.