గోడలో కాపురముండే పిడుదు

కుక్క చెవి వెనక్కి మడిచి చూస్తే చర్మానికి కరుచుకుని, బూడిద రంగులో, ఆముదం గింజంత ఉబ్బి కనిపించేది ఆడ పిడుదు. దాని పక్కనే చూపు నిలిపితేగాని తెలియని చిన్న గోధుమరంగు చుక్క మగది. కొన్ని ఊళ్లలో వీటిని గోమార్లు అంటారు. చాలామంది చేసే పని ఒకటే. కనిపించినదాన్ని పీకేస్తారు, వారానికోసారి మందు షాంపూతో స్నానం చేయిస్తారు. పదిరోజులు తిరక్కుండానే మళ్లీ అన్నీ ప్రత్యక్షం. కుక్కను సరిగా చూసుకోవడం లేదని ఇంట్లోవాళ్లు ఒకరినొకరు అనుకుంటారు. నిజానికి అసలు మంద కుక్క మీద లేనే లేదు.

మన ఇళ్లలో కుక్కల్ని పట్టేది చాలావరకు గోధుమరంగు కుక్క పిడుదే. శాస్త్రజ్ఞులు దీన్ని రైపిసెఫాలస్ సాంగ్వినియస్ అంటారు. గుడ్డులోంచి ఆరు కాళ్లతో వచ్చిన పిడుదు పిల్ల, కుక్కనెక్కి, కొన్ని రోజులు రక్తం తాగి దిగిపోతుంది. ఏ పగులులోనో దాక్కుని, చర్మం విడిచి, ఎనిమిది కాళ్లతో బయటికొస్తుంది. మళ్లీ ఎక్కుతుంది, తాగుతుంది, దిగుతుంది. మూడోసారి ఎక్కేది పెద్ద పిడుదుగానే. ఆ చివరిసారి ఆడదానికి కడుపు నిండటానికి వారం నుంచి మూడు వారాలు పడుతుంది. ఆ తర్వాత రాలిపడి, గోడ పట్టుకుని పైకి పాకి, ఓ సందు చూసుకుని నాలుగు వేల దాకా గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. వేడి ప్రాంతాల్లో ఈ తంతు మొత్తం రెండు మూడు నెలల్లో అయిపోతుంది. అందులో కుక్క మీద గడిపేది తక్కువ కాలమే. మిగతా కాలమంతా తలుపు చట్రం వెనక, స్విచ్‌బోర్డు కింద, గచ్చు పగుళ్లలో, కుక్క పడుకునే గోనెపట్టా మడతల్లో ఉంటుంది. పెద్ద పిడుదు తిండి లేకుండా ఏడాదికి పైగా బతకగలదు. ఉన్న కుక్క పోయి, ఇల్లు కడిగి, నెలల తర్వాత కొత్త కుక్కపిల్లను తెచ్చుకున్నా పిడుదులు పట్టేది అందుకే. చాలా జాతుల పిడుదులకు అడవో గడ్డినేలో కావాలి. దీనికి మన ఇల్లు చాలు.

పిడుదు దోమలా క్షణంలో కుట్టి ఎగిరిపోదు. వెనక్కి తిరిగిన ముళ్లున్న మూతిని చర్మంలోకి దించుతుంది. నొప్పి తెలియనివ్వని, రక్తం గడ్డకట్టనివ్వని లాలాజలం వదులుతూ రోజుల తరబడి అక్కడే ఉంటుంది. ఆ లాలాజలంతోనే ఎర్లిషియా కానిస్ అనే బాక్టీరియా కుక్క తెల్లరక్తకణాల్లోకి చేరుతుంది. దీన్ని మొదట 1935లో అల్జీరియాలో గుర్తించారు. దీని తీవ్రత అందరికీ తెలిసింది మాత్రం వియత్నాం యుద్ధంలో. అమెరికా సైన్యం వెంట తీసుకెళ్లిన కుక్కలు వందల్లో ఈ జబ్బుతో చనిపోయాయి. చాలావాటికి ముక్కుల్లోంచి రక్తం కారింది.

మన దగ్గరా అవే లక్షణాలు. కుక్క అన్నం ముట్టదు, ఒళ్లు కాలిపోతుంటుంది, కళ్లు మసకబారతాయి, పొట్ట చర్మం మీద ఎర్ర చుక్కలు లేస్తాయి. రక్తపరీక్ష చేస్తే ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి. డెంగీ వల్ల ఈ ప్లేట్‌లెట్ల మాట మనకు బాగా అలవాటైంది కాబట్టి కుక్కకూ బొప్పాయి ఆకు రసం పట్టించేవాళ్లున్నారు. దానికి కావాల్సింది డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, సాధారణంగా 28 రోజులు. మూడు నాలుగు రోజులకే కుక్క లేచి తోక ఊపుతుంది, మందు ఆపేయాలనిపించేది సరిగ్గా అప్పుడే. ఆపితే క్రిమి ప్లీహంలో, ఎముక మజ్జలో దాగి ఉండిపోవచ్చు. కొన్ని కుక్కల్లో నెలలు గడిచాక మజ్జ రక్తకణాలు తయారుచేయడమే మానేస్తుంది. ఆ దశకు వచ్చాక పశువైద్యులు చేయగలిగింది చాలా తక్కువ. ఇంకో మాట, మాత్రను అన్నంలో పెట్టి ఇవ్వండి, పైన నీళ్లు తాగించండి. ఒట్టి మాత్ర దిగక ఇరుక్కుంటే అన్నవాహికలో పుండు పడుతుంది.

మూత్రం ఎర్రగానో కాఫీ రంగులోనో వస్తే అనుమానించాల్సింది బబీసియాను. ఎర్రరక్తకణాల్లోకి దూరి వాటిని పగలగొట్టే పరాన్నజీవి ఇది. దాంట్లో ఒక రకం, బబీసియా గిబ్సోనై, 1910లో మద్రాసు వేటకుక్కల రక్తంలోనే మొదట బయటపడింది. గుర్తించినవాడు ప్యాటన్ అనే శాస్త్రజ్ఞుడు. డాక్సీసైక్లిన్ ఒక్కటే దీనికి చాలదు. రక్తపరీక్ష లేకుండా మందుల షాపులో అడిగి మాత్రలు వేయొద్దనేది ఇందుకే.

కుక్కను ముట్టుకున్నంత మాత్రాన ఈ జబ్బులు మనకు రావు. కానీ ఇదే పిడుదు రికెట్సియా కొనోరై అనే మరో క్రిమిని మోస్తుంది, అది మనుషులకు ఇండియన్ టిక్ టైఫస్ తెస్తుంది. పిడుదు కుట్టినా, వేళ్లతో నలిపినప్పుడు దాని రసం గాయానికో కంటికో తగిలినా సోకవచ్చు. ఉన్నట్టుండి జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు. కొన్ని రోజులకు ఎర్ర మచ్చలు, అవీ తరచుగా అరచేతుల్లో, అరికాళ్లలో కూడా. డెంగీ పరీక్ష, టైఫాయిడ్ పరీక్ష అంటూ తిరిగేలోపు విలువైన రోజులు పోతాయి. వానలు పడ్డాక మన రెండు రాష్ట్రాల్లో వినిపించే స్క్రబ్ టైఫస్ దీనికి దగ్గరి చుట్టమే. దాన్ని మోసేది మాత్రం పిడుదు కాదు, పొదల్లో ఉండే మైట్ అనే కంటికి ఆనని పురుగు పిల్ల. రెండింటికీ మందు మళ్లీ డాక్సీసైక్లినే. పళ్లు పచ్చబడతాయని చిన్నపిల్లలకు ఈ మందు వేయడానికి వెనకాడేవాళ్లు ఇంకా ఉన్నారు. కొద్దిరోజుల వాడకంతో ఆ భయం అక్కర్లేదని, ఈ జ్వరాల్లో ఆలస్యమే అసలు ముప్పని ఇప్పుడు తేలిపోయింది.

ఈ ఇంటి పిడుదు ఎంత పని చేయగలదో అమెరికాలోని ఆరిజోనాలో తెలిసింది. రాకీ మౌంటెన్ స్పాటెడ్ ఫీవర్ అనే ప్రాణాంతక జ్వరాన్ని ఆ దేశంలో మామూలుగా వేరే జాతుల పిడుదులు మోస్తాయి. తూర్పు ఆరిజోనాలో అవి అరుదు. అయినా 2003 నుంచి అక్కడి ఆదివాసీ ఊళ్లలో ఆ జ్వరం మొదలైంది, పిల్లలు చనిపోయారు. ఆరా తీస్తే, మోస్తున్నది గోధుమరంగు కుక్క పిడుదు. వీధుల్లో స్వేచ్ఛగా తిరిగే కుక్కలు, ఇళ్ల చుట్టూ పిడుదులు, వాకిట్లో ఆడుకునే పిల్లలు. మన ఊళ్లకు ఇంతకన్నా దగ్గరి పోలిక నాకు దొరకలేదు. 2012లో అక్కడ సుమారు 500 ఇళ్లున్న ఒకచోట ప్రతి కుక్క మెడకూ నెలల తరబడి పనిచేసే మందు పట్టీ వేశారు, ప్రతి వాకిట్లో నెలనెలా మందు చల్లారు. నాలుగు నెలలకు అక్కడ పిడుదులు కనిపించే కుక్క నూటికి ఒకటి కూడా లేదు. ఆ పని చేయని పక్క ఊళ్లో 64 శాతం కుక్కల మీద ఉన్నాయి.

ఇందులో ముఖ్యమైన మాట 'ప్రతి'. మన అపార్ట్‌మెంట్లలో మూడో అంతస్తు కుక్కకు ఖరీదైన మాత్ర వేస్తారు, వాచ్‌మన్ కుక్కకు, గేటు దగ్గర పడుకునే వీధికుక్కలకు ఏమీ ఉండదు. గణేశుడి పందిరికి చందాలు వేసుకునే వీధి, వీధికుక్కలకు మందు పట్టీలు కొనలేదంటే నేను నమ్మను. సొంత కుక్కకు ఫ్లురలానర్, అఫాక్సోలానర్ లాంటి మాత్రలున్నాయి. మొదటిది పన్నెండు వారాలు, రెండోది నెల పనిచేస్తుంది. ఫిట్స్ వచ్చే కుక్కైతే ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పాలి. గేదెల మందు తెచ్చి అంచనాగా కలిపి కుక్కకు పూయడం మాత్రం మానండి. పెర్మెత్రిన్ అనే పురుగుమందు కలిసిన కుక్కల మందు పిల్లికి తగిలితే పిల్లి ప్రాణమే పోవచ్చు. ఇక ఇంటి విషయానికొస్తే, పక్కబట్టలు మరిగే నీళ్లలో ఉతకడం, గోడ పగుళ్లు సిమెంటుతో పూడ్చడం, మందు చల్లించడం. ఒక్కసారి చల్లితే సరిపోదు, మిగిలిన గుడ్లు మళ్లీ పగులుతాయి.

పిడుదును తీయాలంటే సన్నమూతి పట్కారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా, నిదానంగా నేరుగా పైకి లాగాలి. కిరోసిన్ పోయడం, అగరుబత్తితో కాల్చడం వద్దు. తీసినదాన్ని స్పిరిట్‌లో వేయండి, గోటితో నలపొద్దు. పశువుల దగ్గర పనిచేసేవాళ్లు ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి. 2011లో గుజరాత్‌లో మన దేశంలో మొదటిసారి నిర్ధారణైన కాంగో జ్వరం వైరస్‌ను మోసేది పశువుల పిడుదే. అది రోగి నుంచి చికిత్స చేసినవాళ్లకూ పాకి, వాళ్లనూ బలి తీసుకుంది.

ఇక జ్వరంతో ఆస్పత్రికి వెళ్తే, డాక్టరు అడగకపోయినా చెప్పండి: మా ఇంట్లో కుక్క ఉంది, పిడుదులున్నాయి, ఈ రెండు వారాల్లో నన్ను కుట్టి ఉండొచ్చు అని. ఆరిజోనా జ్వరంలో డాక్సీసైక్లిన్ ఐదో రోజు దాటాక మొదలైనవాళ్లలోనే మరణాలు బాగా ఎక్కువ.