పాటకెట్ జనం గడియారం ఎందుకు కొన్నారు?

1828లో అమెరికాలో రోడ్ ఐలండ్‌లోని పాటకెట్ అనే ఊరివాళ్లు చందాలేసుకుని ఒక గడియారం కొన్నారు. పని మొదలెట్టడానికీ ఆపడానికీ మిల్లు యజమానులు కొట్టించే గంట మీద నమ్మకం పోయి.

అంతకు ముప్పై నలభై ఏళ్ల ముందు ఆ పల్లెల్లో టైమ్ గురించి ఇంత పట్టింపు లేదు. రైతు ఇంట్లో ఒక పద్దుల పుస్తకం ఉండేది: పక్కింటాయన ఎద్దుల్ని ఒకరోజు వాడుకున్నందుకు ఇంత, చెప్పులు కుట్టించుకున్నందుకు ఇంత అని డబ్బు లెక్కలోనే రాసుకునేవాళ్లు గానీ, చేతికి నగదు వచ్చేది తక్కువ. బాకీ ఏళ్ల తరబడి నడిచేది, చాలాసార్లు వడ్డీ కూడా ఉండదు. అలాగని అదేదో స్వర్గమని కాదు. అక్కడి ఎండుచేపలు, పశువులు ఓడలెక్కి కరీబియన్ దీవుల్లో బానిసలు పనిచేసే చెరకు తోటలకే వెళ్లేవి.

1789లో శామ్యూల్ స్లేటర్ అనే కుర్రాడు ఇంగ్లండ్ నుంచి దిగాడు. యంత్రాల పని తెలిసినవాళ్లు దేశం దాటకూడదని అక్కడ చట్టం ఉంది, అందుకే గుట్టుగా ఓడెక్కాడు, బొమ్మ గీసిన కాగితం ఒక్కటీ లేకుండా నూలు వడికే యంత్రాల వివరమంతా బుర్రలో పెట్టుకుని. పాటకెట్‌లో ఆ యంత్రాలు పెట్టడానికి డబ్బు పెట్టింది రోడ్ ఐలండ్ వ్యాపారి మోసెస్ బ్రౌన్. ఈయన సంగతే విచిత్రం: క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందినవాడు, తన బానిసల్ని 1773లోనే విడిచిపెట్టాడు, బానిస వ్యాపారాన్ని ఎదిరించాడు. సొంత అన్న జాన్ మాత్రం అదే వ్యాపారం చేశాడు. పోనీ మోసెస్ చేతులైనా శుభ్రంగా ఉన్నాయా అంటే, ఆయన పెట్టుబడితో మొదలైన మిల్లులు రానురాను బానిసలు ఏరిన పత్తి మీదే నడిచాయి. 1793లో పత్తి గింజలు తీసే యంత్రం వచ్చాక అమెరికా దక్షిణాదిలో ఆ సాగు విపరీతంగా పెరిగింది. 1790లో దాదాపు 7 లక్షలున్న బానిసలు 1860 నాటికి దాదాపు 40 లక్షలయ్యారు.

ఇంతకీ 1790లో స్లేటర్ యంత్రాల దగ్గర పనికి పెట్టిన మొదటి బ్యాచ్ ఎవరనుకున్నారు? తొమ్మిది మంది పిల్లలు, 7 నుంచి 12 ఏళ్లవాళ్లు.

తర్వాత మరమగ్గాలొచ్చాయి. వాటికి పోటీగా మన దేశం నుంచి చౌక నూలు బట్ట దిగుతుంటే 1816 సుంకాల చట్టంతో అడ్డం కొట్టారు: గజం ఎంత చవకదైనా సరే 25 సెంట్లుగా లెక్కగట్టి, దాని మీద 25 శాతం సుంకం. తర్వాతి కాలంలో స్వేచ్ఛా వ్యాపారం గురించి పాఠాలు చెప్పిన దేశం అలా ఎదిగింది మరి.

1824లో పాటకెట్ యజమానులు రోజుకు ఇంకో గంట పని పెంచి, నేత పనివాళ్ల కూలి కోశారు. నేసేది ఆడవాళ్లు. దాదాపు వందమంది మగ్గాలు వదిలేసి బయటికొచ్చారు. ఊరు కూడా వాళ్ల పక్షానే నిలబడింది, యజమానుల ఇళ్ల ముందు చేరి గోల చేసింది. ఆఖరికి రాజీ కుదిరింది. కానీ పనివేళలకు మోగే మిల్లు గంట మాత్రం యజమానుల చేతిలోనే ఉండిపోయింది, అది ముందే మోగిందా ఆలస్యంగా మోగిందా అని చూసుకోవడానికి కూలివాళ్లకు వేరే ఆధారం లేదు. నాలుగేళ్ల తర్వాత చందాలు పోగైంది అందుకే.

గడియారం వచ్చినంత మాత్రాన పనిగంటలు తగ్గలేదు. పక్క రాష్ట్రం మసాచుసెట్స్‌లో లోవెల్ మిల్లుల అమ్మాయిలు 1845లో పది గంటల పనిదినం కావాలని అర్జీలు పెడితే, అది మీరూ మీ యజమానులూ తేల్చుకోవాల్సిన విషయం అని శాసనసభ పక్కన పెట్టేసింది. అక్కడ ఆడవాళ్లకు, పిల్లలకు పది గంటల చట్టం వచ్చేసరికి 1874 అయింది.