చూసింది రాసి పెట్టుకోండి

హనుమకొండ

ప్రియమైన పిల్లలకు,

మీరు ములుగు నుంచి వాట్సాప్‌లో పంపిన ఫొటో చూశాను. చంద్రుడి చుట్టూ ఎంత పెద్ద గుడి, అదే వెలుగు వలయం, కట్టిందో! ఎందుకు కడుతుందని, వాన పడుతుందా అని అడిగారు. చెబుతాను. ముందు నా ప్రశ్నలకు మీరు జవాబు చెప్పండి. ఎన్ని గంటలకు తీశారు? చంద్రుడు ఏ దిక్కున ఉన్నాడు? గుడి ఎంతసేపు నిలిచింది? మర్నాడు మబ్బు పట్టిందా? ఫొటోతో పాటు తేదీ, సమయం ఫోనులో దాగే ఉంటాయి కానీ వాట్సాప్‌లో పంపేసరికి అవి రాలిపోతాయి. మిగతావి మీరు రాసుకుంటే తప్ప ఎక్కడా ఉండవు. ఈ ఉత్తరం రాస్తున్నది ముఖ్యంగా ఆ మాట చెప్పడానికే.

ఇక గుడి సంగతి. చాలా ఎత్తున, ఆరు కిలోమీటర్లకు పైన, పలుచని తెరలాంటి మబ్బు పరుచుకుంటుంది. అందులో ఉండేవి నీటి చుక్కలు కావు, ఆరు పలకల మంచు స్ఫటికాలు. మేలో రామగుండంలో 45 డిగ్రీల ఎండ కాస్తున్నా అంత ఎత్తున నీరు గడ్డకట్టే చలే. ఆ స్ఫటికాల్లోంచి దూరిన వెలుగు సుమారు 22 డిగ్రీలు వంగి మన కంటికి చేరుతుంది. అందుకే గుడి ఎప్పుడు కట్టినా దాని కొలత మారదు. కావాలంటే చెయ్యి బారుగా చాచి జాన తెరవండి. బొటనవేలు చంద్రుడి మీద పెడితే చిటికెనవేలు గుడి అంచును తాకుతుంది. అంచు లోపలివైపు కాస్త ఎరుపు కనిపిస్తుంది, గమనించండి.

ఒక్కోసారి చంద్రుడిని ఆనుకునే చిన్న రంగుల వలయం కనిపిస్తుంది. అది వేరు. అది సన్నని నీటి తుంపరలున్న మబ్బు వల్ల వస్తుంది. ‘దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన’ అని పెద్దవాళ్లు అంటారు. అందులో కొంత అర్థం ఉంది. పెద్ద గుడి కట్టే ఎత్తైన మబ్బు చాలాసార్లు వాన మబ్బులకు ముందుగా వస్తుంది. అయినా సామెతను గుడ్డిగా నమ్మమని నేను చెప్పను, కొట్టిపారేయమనీ చెప్పను. గుడి కట్టిన ప్రతిసారీ నోటుబుక్కులో ఒక వరుస రాసి, దాని ఎదురుగా తర్వాతి రెండు రోజుల వాన రాయండి. రెండేళ్లు రాస్తే మీ ఊరి వరకు ఆ మాట ఎంత నిలుస్తుందో మీరే నాకు చెప్పగలుగుతారు.

ఫొటో తీసేటప్పుడు చంద్రుడిని ఏ వేపకొమ్మ వెనకో, డాబా మూల వెనకో దాచండి. వెలుగు తగ్గి గుడి స్పష్టంగా వస్తుంది. సూర్యుడి చుట్టూ గుడి కడితే మాత్రం జాగ్రత్త. గోడ చాటున నిలబడి, సూర్యుడు పూర్తిగా మరుగైన తర్వాతే చూడండి. నేరుగా సూర్యుడిని చూడవద్దు.

రాసుకోవడం ఎందుకో ఇంకో ఉదాహరణ చెబుతాను. 2022 ఏప్రిల్ 2 రాత్రి మన ఉత్తర సరిహద్దుకు అవతల మహారాష్ట్రలోని చంద్రాపూర్ వైపు ఆకాశంలో నిప్పుల వరుస సాగిపోయింది. ఉల్కలని కొందరన్నారు, విమానం కూలిందని మరికొందరన్నారు. తర్వాత ఆ జిల్లాలోని ఒక ఊళ్లో పెద్ద లోహపు వలయం దొరికింది. భూ వాతావరణంలోకి తిరిగి వచ్చిన చైనా రాకెట్ భాగమని నిపుణులు తేల్చారు. తేడా పట్టుకోవడానికి టెలిస్కోపు అక్కర్లేదు. ఉల్క సాధారణంగా ఒకటి రెండు సెకన్లలో ఆరిపోతుంది. రాకెట్ శకలాలు ముక్కలవుతూ, నెమ్మదిగా, నిమిషం దాకా ఆకాశం దాటుతాయి. చూసినవాళ్లు ‘ఎన్ని సెకన్లు, ఎటు నుంచి ఎటు’ అని రాసుకుంటే సగం జవాబు దొరికినట్టే. హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ అనే పరిశోధన సంస్థ వాళ్లు వదిలే పెద్ద బెలూన్లు కూడా మన జిల్లాల మీదుగా పోతుంటాయి. వాటి పరికరాలు పారాచూట్‌తో పొలాల్లో దిగితే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పాలి. ఆకాశంలో వింతగా కనిపించిన ప్రతిదానికీ భయపడే బదులు గడియారం చూడటం అలవాటు చేసుకోండి.

వానను కూడా కొలవండి. నిటారు గోడలున్న గాజు సీసా, ఒక స్కేలు చాలు. మూతి, అడుగు ఒకే వెడల్పు ఉండాలి. చెట్టుకూ గోడకూ దూరంగా, కింది నీళ్లు ఎగిరి పడనంత ఎత్తులో పెట్టి, రోజూ ఉదయం 8.30కి మిల్లీమీటర్లలో చూడండి. వాతావరణ శాఖ కూడా ఆ వేళకే లెక్క తీస్తుంది. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు లీటరు నీరు. 2023 జూలై 27 ఉదయానికి 24 గంటల్లో మీ జిల్లాలోనే, వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. అంటే మీ డాబా మీద ఒక్కో చదరపు మీటరుకు దాదాపు 650 లీటర్లు! మీ సీసా అంత లోతు ఉండదు కాబట్టి పెద్ద వాన పట్టినప్పుడు నిండేలోపే కొలిచి, రాసుకుని, ఖాళీ చేసి మళ్లీ పెట్టండి.

మార్చి, ఏప్రిల్‌లో వడగళ్లు పడితే, వాన వెలిసి ఉరుములు ఆగాక ఒకదాన్ని రూపాయి బిళ్ల పక్కన పెట్టి ఫొటో తీయండి. బిళ్ల లేకపోతే పరిమాణం ఎవరికీ తెలియదు. పెద్దవాళ్ల చేత సగానికి కోయిస్తే లోపల తెల్లటి పొర, అద్దంలాంటి పొర ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. మబ్బులో అది పెరిగిన తీరంతా ఆ పొరల్లో ఉంటుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఫొటో అదే.

మెరుపుల విషయంలో నా మాట దాటవద్దు. మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. 30 సెకన్లలోపే వినిపిస్తే డాబా దిగి లోపలికి రండి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి వెళ్లవద్దు. చెట్టు కిందికి అసలే వెళ్లవద్దు. ఫోనును కిటికీ దగ్గర కదలకుండా నిలబెట్టి వీడియో పెట్టేసి, మీరు గది లోపల కూర్చోండి. తర్వాత అందులోంచి మెరుపున్న చిత్రం ఒకటి తీసుకోవచ్చు.

నక్షత్రాలకు మీ ఊరు హనుమకొండ కన్నా చాలా మేలు. ఇక్కడ దీపాల వెలుగు ఆకాశాన్ని కడిగేస్తోంది. ఫిబ్రవరి మధ్యలో రాత్రి తొమ్మిదికి డాబా ఎక్కి ఉత్తరానికి తిరగండి. చాచిన చేతి పిడికిలి పది డిగ్రీలు. నేల అంచు నుంచి రెండు పిడికిళ్లకు కాస్త తక్కువలో ఒంటరిగా, ఓ మోస్తరు వెలుగుతో ఉండేది ధ్రువుడు. మీ ఊరి అక్షాంశం 18 డిగ్రీలు కాబట్టే అతనూ అంత ఎత్తున ఉంటాడు. ఆదిలాబాద్ వెళితే ఒకటిన్నర డిగ్రీ పైకి లేస్తాడు. ఇప్పుడు వెనక్కి తిరగండి. దక్షిణాన దాదాపు అంతే ఎత్తులో తళతళలాడేది అగస్త్యుడు. ఢిల్లీలో అతను తొమ్మిది డిగ్రీలకు మించి లేవడు. ఇద్దరినీ ఒకే వేళ, దాదాపు సమానమైన ఎత్తున చూడగలగడం మన ప్రాంతపు భాగ్యం. నడినెత్తి నుంచి పడమరకు దాదాపు నాలుగు పిడికిళ్లు దిగితే గుంపుగా కనిపించే చిన్న చుక్కలు కృత్తికలు, మన ఊళ్లలో పిల్లలకోడి అంటాం. ఎన్ని చుక్కలు లెక్కపెట్టగలిగారో ఇద్దరూ విడివిడిగా రాయండి. ఒకరిది చూసి ఒకరు దిద్దుకోకండి.

ఫోనుతో తీయాలంటే స్టాండు తప్పనిసరి. ఫ్లాష్ ఆపి, ప్రో మోడ్‌లో, అంటే కెమెరా అమరికలు మనమే పెట్టుకునే చోట, ఫోకస్‌ను దూరానికి పెట్టి, ఐఎస్ఓ (వెలుగును ఎంతగా పట్టుకోవాలో చెప్పే అంకె) 1600, షట్టర్ (వెలుగు లోపలికి రానిచ్చే సమయం) 15 సెకన్లతో మొదలుపెట్టండి. చేయి తగిలితే చిత్రం కదులుతుంది కాబట్టి టైమర్ వాడండి.

డిసెంబరు 13 రాత్రి జెమినిడ్ ఉల్కలు బాగా రాలతాయి. ఫేథాన్ అనే గ్రహశకలం వదిలిన ధూళి అది. అర్ధరాత్రి దాటాక, రెండు గంటల వేళ ఎక్కువ కనిపిస్తాయి. ఆ రాత్రికి నేను ములుగు వస్తాను. చాపలు, దుప్పట్లు, మంకీ టోపీలు డాబా మీద సిద్ధంగా ఉంచండి. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి, కళ్లు చీకటికి అలవాటుపడ్డాక తెల్లని వెలుగు పడకూడదు. ప్రతి పావుగంటకూ ఎన్ని ఉల్కలు కనిపించాయో ఒకరు చెప్పాలి, ఒకరు రాయాలి. మర్నాడు బడి ఉంటే ఎంతసేపు మేలుకోవచ్చో ముందుగానే మీ అమ్మను అడిగి ఒప్పించండి.

ప్రేమతో,
మీ అమ్మమ్మ